పక్కింట్లో పెట్టిన పయనం

కామారెడ్డి: ముందు ఫ్లెక్సీ

నేపాల్ దేశాన్ని మోటార్‌సైకిల్ మీద ఈ కొస నుంచి ఆ కొసకు చుట్టి రావాలని బయలుదేరి, ఒక్క ఊరు చూసి తిరిగొచ్చిన మనిషిని నేను. కాబట్టి పోఖరా సరస్సు ఎట్లుంది, మంచుకొండలు ఎట్లున్నాయి అని నన్ను అడగకండి. పాల్పా జిల్లాలో ఒక బర్రెల కొట్టం మాత్రం ఎట్లుంటుందో గీసి చూపించగలను. దాని పైకప్పు మీద ఇప్పుడు నా ఫొటో ఉంది. ఎందుకుందో చెప్తాను.

నాకు కామారెడ్డిలో ఫ్లెక్సీలు ప్రింటు చేసే దుకాణం ఉంది. పుట్టినరోజులకూ ఎన్నికలకూ అందరి ముఖాలూ పెద్దవి చేసి పంపుతూ నడివయసుకు వచ్చేశాను. దుకాణం ముందు నుంచే పెద్దరోడ్డు మీద కుర్రాళ్లు సంచులు కట్టుకొని లడఖ్ పోతుంటే, వాళ్ల వీడియోలు చూసి చూసి నాకూ పురుగు కుట్టింది. లడఖ్ అయితే మన దేశమే కదా, నేను ఏకంగా విదేశం పోవాలనుకున్నాను. విమానం ఎక్కకుండా, మా బైపాస్ ఎక్కి ఉత్తరానికి పోతూ ఉంటే తగిలే విదేశం నేపాల్.

ఇంట్లో అడగక ముందే ఫ్లెక్సీ వేసేశాను. నేపాల్ మ్యాపు, దాని మీద పడమర కొస నుంచి తూర్పు కొసకు ఎర్రగీత, రెండు మూలలా నావీ, మా గంగారాం బావవీ నల్లద్దాల ఫొటోలు. బావ ఇంకా ఒప్పుకోలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నా పని. నా భార్య ఆ ఫ్లెక్సీని చూసి, "దీన్ని వెనక్కి తిప్పితే వడ్లారబోయనీకె పనికొస్తది" అంది.

కానీ బావ ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడన్నదే ఈ యాత్రంతా.

ఎల్లారెడ్డి: పై మంచం మనిషి

గంగారాం బావ మా అక్క భర్త. ఎల్లారెడ్డిలో ఉంటాడు. దుబాయిలో చాలా ఏండ్లు పనిచేసి వచ్చి, ఇప్పుడు వరి వేసుకుంటున్నాడు. దుబాయి క్యాంపులో ఆయనది కింది మంచం, దిల్‌బహదూర్ అనే నేపాలీది పై మంచం. మా అక్కవాళ్లింట్లో ఆయన్ని చూసినవాళ్లు లేరు గానీ తెలియనివాళ్లూ లేరు. అందరికీ ఆయన 'బాదర్'.

మా దిక్కు ఒక పద్ధతి ఉంది. తండ్రి పోయిన కొడుకుకు పదకొండో నాడు అత్తగారివాళ్లు కొత్తబట్టలు పెడతారు. బామ్మర్ది వచ్చి భుజం మీద తువాల కప్పితేనే ఆ మనిషి దుఃఖంలోంచి లేచి మళ్లీ నలుగురిలోకి వచ్చినట్టు లెక్క. బావ వాళ్ల బాపు పోయినప్పుడు బావకు సెలవు దొరకలేదు. పదకొండో నాడు నేను కొత్తబట్టల సంచి పట్టుకొని ఎల్లారెడ్డి పోయాను. బట్టలున్నాయి, కప్పడానికి భుజాలు లేవు. ఆ సంచి అట్లాగే పెట్టెలో పెట్టి అక్క ఏడ్చింది.

అదే రోజు దుబాయిలో బాదర్, బావను కూర్చోబెట్టి మీ దగ్గర ఏం చేస్తారని అడిగాడట. బావ చెప్పాడట. సాయంత్రానికి ఒక తువాల కొనుక్కొచ్చి తనే కప్పాడట. "ఇది మా బామ్మర్ది చెయ్యాల్సిన పని" అని బావ అంటే, "ఆయన దూరంలో ఉన్నాడు. నేను పై మంచం మీదే ఉన్నాను కదా" అన్నాడట.

ఈ మాట బావ చెప్పినప్పుడల్లా నాకు కళ్లల్లో నీళ్లు తిరిగేవి. కొంచెం కుళ్లు కూడా ఉండేది. నా కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు, పైగా బాగా కూర్చున్నాడు.

పోయిన ఏడు బాదర్ వాళ్ల అమ్మ చనిపోయింది. వాళ్ల దగ్గర కొడుకు ఏడాది పొడుగునా తెల్లబట్టలే కడతాడు, టోపీ నుంచి చెప్పుల దాకా. ఏడాది నిండిన రోజు పూజ చేసి తెలుపు విప్పేస్తే, దగ్గరివాళ్లు రంగుబట్టలు పెడతారు. ఆ రోజు ఎప్పుడో బాదర్ ఫోన్‌లో చెప్పాడు. బావ ఫోన్ పెట్టేసి, "ఆయనకు రంగుబట్ట నేనే పెట్టాలె, బామ్మర్దీ" అన్నాడు.

"పెడుదువు తియ్యి బావా. బండి మీద పోదాం."

"రైలున్నది కదరా."

"రైలు సరిహద్దు దాకనే. ఆడికెళ్లి అన్నీ కొండలు. బండి లేకుంటే అడుగు పడదు" అన్నాను. అక్కడ బస్సులు తిరుగుతాయని నాకు తెలుసు. దేశాన్ని చుట్టాలనుకునేవాడికి అన్ని నిజాలూ చెప్పే తీరిక ఉండదు.

ఎల్లారెడ్డి: మూట ముందు, మనుషులు తర్వాత

బావకు బాదర్ కొలతలు ఇంకా గుర్తున్నాయి. కామారెడ్డి బట్టలబజారులో దుకాణాయనకు చేతులతోనే భుజాలు చూపించి, లేత గులాబీరంగు చొక్కా, పంచె, ఎర్ర అంచు తువాల తీసుకున్నాడు. మా అక్క సకినాలు చేసింది. అంతా ఒక సంచిలోకి ఎక్కింది.

ఇక మంచిరోజు. బావ వాళ్లమ్మ సాయవ్వ పంతులును అడిగొచ్చి సోమవారం అంది. సోమవారం నా బండి కామారెడ్డి మెకానిక్ దగ్గర ఇంజను విప్పి ఉంది. మంగళవారం మంచిది కాదు, బుధవారం ఉత్తరం దిక్కు పోవద్దు, గురువారం దాకా ఆగితే బాదర్ రోజు అందదు.

"గంత పరేషాన్ ఎందుకు? సోమవారం మూట బయట పెడుదాం. బుధవారం మీరు పోండి" అంది సాయవ్వ.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. మంచిరోజున మనిషి బయలుదేరడం కుదరకపోతే, ఆయన సంచిని ఆ రోజు పక్కింట్లో పెడతారు. దాంతో పయనం మొదలైనట్టే. తర్వాత ఎప్పుడు పోయినా దోషం లేదు. ఒక్కటే షరతు, ఆ సంచి మళ్లీ ఇంట్లోకి రాకూడదు. వస్తే పయనం చెడినట్టు.

అట్లా సోమవారం పొద్దున మా నేపాల్ యాత్ర మొదలై, పక్కనున్న రాజవ్వ ఇంటిదాకా పోయింది.

బుధవారం పొద్దున్నే నేను బండితో దిగాను. అక్క బొట్టు పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, ముత్తైదువ ఎదురొచ్చింది. బండి స్టార్టు చేసి రాజవ్వ ఇంటి ముందు ఆపితే, తలుపుకు ఈ చేయంత తాళం.

రాజవ్వ మనుమడి పుట్టువెంట్రుకలని పెద్దకొడప్‌గల్ పోయిందట. ఫోన్ చేస్తే మోగింది, తాళం వేసిన ఇంట్లోనే.

"తాళం పగలగొడుదాం" అన్నాను.

సాయవ్వ నన్ను ఎట్లా చూసిందంటే, నేను గుడి హుండీ పగలగొడదామన్నట్టు. "పయనం మూటకు తాళం పగలగొడ్తరా! మంచిగ చదువుకున్నవ్ గద బిడ్డా."

"వేరే బట్టలు కొనుక్కపోతే?"

ఈసారి బావ చూశాడు. "పయనం లోపలున్నది. మనం పోయి ఏం జేస్తం?"

నేపాల్ ఉత్తరాన ఉంది. మేము పడమరకు, పెద్దకొడప్‌గల్ పోయాము. విదేశీయాత్రలో మా మొదటి మజిలీ అదే. రాజవ్వ మమ్మల్ని చూసి మురిసిపోయింది. "ఎవలన్న ఎత్కపోతరేమోనని మీ మూట కోసమే పెద్ద తాళమేసిన, బాపూ!" అని బొడ్డులోంచి తాళంచెవి తీసి చూపించింది గానీ చేతికివ్వలేదు. తినకుండా పంపితే బాగుండదట. వెంట్రుకలు తీసేదాకా ఆగాలట, ఆ తర్వాత మేకపోతు ఉడికేదాకా ఆగాలట. మేము ఆగాము. కూర బాగుంది, అది ఒప్పుకోవాలి. బావ మాత్రం ముద్ద చేతిలో పట్టుకొని రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

తాళంచెవి పట్టుకొని ఎల్లారెడ్డి తిరిగొచ్చి, మూట తీసుకొని, కామారెడ్డి బైపాస్ ఎక్కేసరికి పొద్దు వాలింది. చేతిలో ఉన్న ఒక్కపూట వెసులుబాటు మేకపోతుతో పాటు అరిగిపోయింది.

సోనౌలీ: ఏ రూపాయి?

మధ్యలో నిర్మల్ ఘాట్, నాగ్‌పూర్ ఎండ, జబల్‌పూర్ వాన ఉన్నాయి. వాటి గురించి నా నడుమును అడగాలి, అది నాకన్నా బాగా చెబుతుంది. బావ వెనక కూర్చొని, మూటను మా ఇద్దరి మధ్య పెట్టుకొని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. వాన వచ్చినప్పుడల్లా నా ఫ్లెక్సీ విప్పి దానిమీద కప్పేవాడు. నా భార్య చెప్పిన వడ్లకన్నా ఇది కొంచెం గౌరవమైన పని.

సోనౌలీ దగ్గర గేటు దాటితే నేపాల్. అంతర్జాతీయ సరిహద్దంటే నేనేదో ఊహించుకున్నాను. ఉల్లిగడ్డల రిక్షాలు, పెళ్లివాళ్లు, ఒక ఆవు, అందరూ అటూ ఇటూ నడుస్తూనే ఉన్నారు. బండికి మాత్రం కాగితం రాయించుకోవాలి. అక్కడ వస్తువు ధర అడిగితే, ఏ రూపాయిల్లో అని మనల్నే తిరిగి అడుగుతారు. మన రూపాయి అక్కడ బరువు ఎక్కువ. బావ చాయ్ తాగి, మన లెక్కలో ఎంతైందో చూసుకొని, ఆ సంతోషంలో ఇంకో చాయ్ తాగాడు.

ఇక్కడే ఇంకో తిప్పలొచ్చింది. మా ఫోన్లు సరిహద్దు దాటగానే మూగబోయాయి. నేపాలీ సిమ్ కొందామంటే చిన్న ఫొటో కావాలన్నారు. గోడంత ఫొటో ఉంది గానీ చిన్నది లేదు. "రేపు పొద్దున్నే పూజ. మనం వస్తున్నమో లేదో ఆయనకు ఎట్ల ఎరుక?" అని బావ గొణుగుతూనే ఉన్నాడు.

ఆ పూట బుట్వల్‌లో ఒక అక్కయ్య హోటల్లో తిన్నాము. పళ్లెం నిండా అన్నం, పప్పు, ఆకుకూర, ముల్లంగి పచ్చడి. అయిపోగానే అడగకుండానే మళ్లీ వేస్తుంది, దానికి వేరే పైసలు లేవు. మన దగ్గర హోటల్లో రెండోసారి సాంబారు అడిగితే సర్వరు మన పుట్టుపూర్వోత్తరాలు ఆలోచిస్తాడు. ఇక్కడ చాలు అన్నందుకు ఆమె చిన్నబుచ్చుకుంది. బావ మూట సంగతి ఆమెకు హిందీలో చెప్పాడు. దుబాయి బావకు పైసలకన్నా ఎక్కువ ఇచ్చింది హిందీనే. ఆమె మూటను ఒకసారి ముట్టి, "మా ఆయన కూడా అక్కడే ఉన్నాడు. ఆయన మంచం పక్కన ఎవరున్నారో నాకు తెలియదు" అంది.

కొండదారి: ఎవరి పొలమో

తెల్లవారగానే బయలుదేరాము. తాన్‌సేన్ వైపు పోయే ఘాట్‌రోడ్డు మీద, వానకు కొండ కొంచెం జారి దారికి అడ్డం పడింది. మట్టి ఎత్తే యంత్రం వచ్చింది గానీ బస్సులన్నీ దండలో పూసల్లా ఆగిపోయాయి. బండిని దూర్చి పోదామంటే పోలీసు కర్ర అడ్డం పెట్టాడు. అవతల ఎక్కడో బాదర్ వాకిట్లో పూజ మొదలై ఉంటుంది.

బావ నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ నిలబడ్డాడు. రోడ్డు కింద మెట్లు మెట్లుగా మడులు, ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. మన నాట్లే, మడులే ఒకదాని నెత్తి మీద ఒకటి. కాసేపు చూసి బావ, "గట్ల కుచ్చలు కుచ్చలు పెడితె పిలక ఏడ లేస్తది?" అన్నాడు. నేను వద్దనేలోపే మూట నా ఒళ్లో పెట్టి, ప్యాంటు పైకి మడిచి మడిలోకి దిగాడు.

ఆడవాళ్లు ముందు నవ్వారు. ఒక ముసలామె ఈయన చేతిలో నారుకట్ట పెట్టింది. బావ వంగి వరుస పట్టాడు. ఈయన వేసినవి ఆమె పీకి మళ్లీ వేసింది, ఆమె వేసినవి చూసి ఈయన తల ఆడించాడు. ఇద్దరికీ భాష లేదు, పంతం మాత్రం సమానంగా ఉంది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత చూస్తే, వంగినవాడు వంగినట్టే తన భుజం మీది తువాలతో కళ్లు తుడుచుకుంటున్నాడు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని దిగాడు తప్ప, ఆయనకు ఎవరి పిలకలతో ఏం పని? నాకు ఆ మేకపోతు కూర దగ్గర పోగొట్టిన పూట గుర్తొచ్చింది.

దారి తెరిచేసరికి మధ్యాహ్నం దాటింది.

బాదర్ వాకిలి

తాన్‌సేన్ దాటి, ఎవరిని అడిగినా చేయెత్తి ఇంకా పైకి చూపించేంత పైన ఉంది ఆ ఊరు. మేము పోయేసరికి పూజ అయిపోయింది, పొయ్యి చల్లారింది, బంతి భోజనాలు కూడా అయిపోయాయి. వాకిట్లో చుట్టాలు గుంపుగా కూర్చొని ఒక మనిషిని బతిమాలుతున్నారు. పక్కన పీట మీద వాళ్లు తెచ్చిన రంగుబట్టలు, టోపీలు మడతపెట్టి ఉన్నాయి. మధ్యలో పొట్టిమనిషి ఒకడు, ఇంకా తెల్లబట్టల్లోనే, మొండిగా కూర్చొని ఉన్నాడు.

ఆయన భార్య మాకు తర్వాత చెప్పింది. పొద్దుటి నుంచీ అదే మాటట. "నా కింది మంచమాయన వస్తానన్నాడు. వస్తాడు." బావమరుదులు అలిగారు, మేనమామ అరిచాడు. ఈయన తెలుపు విప్పలేదు.

బావ బండి దిగి, మోకాళ్ల దాకా బురదతో, మూట చంకలో పెట్టుకొని నిలబడ్డాడు. ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరూ లేచి పరిగెత్తలేదు, కౌగిలించుకోలేదు. బాదర్ హిందీలో, "ఆలస్యమైంది" అన్నాడు. బావ, "పక్కింటామె తాళమేసుకొని పోయింది" అన్నాడు. ఇన్నేండ్ల తర్వాత వాళ్లు ఎదురెదురుగా మాట్లాడుకున్న మొదటి మాటలు ఇవి.

బాదర్ లోపలికి పోయి తెలుపు విప్పి వచ్చాడు. బావ పంచె ఇచ్చాడు, చొక్కా తొడిగాడు. బావకు గుర్తున్నది దుబాయి బాదర్ కొలత. ఇంటి తిండి తిన్న బాదర్‌కు కడుపు మీద గుండీ పడలేదు. చుట్టాలంతా గొల్లున నవ్వారు, అలిగిన బావమరిది కూడా నవ్వాడు. ఆ గుండీల మీదుగా ఎర్ర అంచు తువాల కప్పేసి బావ అన్నాడు, "ఇగ లే, భాయ్." అప్పుడు ఏడ్చారు, ఇద్దరూ. బావ నన్ను ముందుకు లాగి, "వీడే నా అసలు బామ్మర్ది" అని చెప్పాడు. బాదర్ నా రెండు చేతులూ పట్టుకొని, "మీ పని ఒకసారి నేను చేశాను, ఏమనుకోకండి" అన్నాడు. అన్నేండ్ల నా కుళ్లు అక్కడ, ఆ వాకిట్లోనే పోయింది.

మా అక్క సకినాలు పంచితే, వాళ్లు లోపలి నుంచి సెల్‌రోటీలు తెచ్చారు. అదీ బియ్యప్పిండే, అదీ గుండ్రమే, నూనెలో కాల్చిందే, కాకపోతే తియ్యన, మెత్తన. పళ్లు లేనివాళ్లకు చేసిన సకినం అనుకోండి.

మరుసటి రోజూ వానే. మూడో రోజూ వానే. పైదారులు మూతపడ్డాయి. నా ఎర్రగీత తూర్పుకూ పోలేదు, పడమరకూ పోలేదు. బర్రెల కొట్టం కారుతుంటే ఫ్లెక్సీ నేనే ఎక్కి కప్పాను, మా ముఖాలు ఆకాశం వైపు పెట్టి. విమానంలో పోయేవాళ్లు ఎవరైనా చూసి ఉంటే నా యాత్ర సఫలమే.

తిరుగు మూట

"ఎల్లారెడ్డి రావాలె నువ్వు" అని బావ ఆ రోజుల్లో ఎన్నిసార్లు అన్నాడో. బాదర్ ప్రతిసారీ వస్తానన్నాడు. బర్రెలున్నాయి, మడులున్నాయి, బిడ్డ చదువుంది. అందరం అనే 'వస్తా'నే అదీ. బావ మొహం చూస్తే ఆయనకూ తెలుసనిపించింది.

మేము బయలుదేరే పొద్దున బాదర్ వాళ్ల పెద్దమ్మ ఒక చిన్న గుడ్డమూట తెచ్చి బావ చేతిలో పెట్టింది. ఇది ఎవరికని అడిగాము.

"నాదే" అన్నాడు బాదర్. "ఒక జత బట్టలు, పోకచెక్క, పిడికెడు బియ్యం. ఈరోజు దక్షిణానికి మంచిరోజట. నాకేమో ఈరోజు కుదరదు. మా దగ్గర ఒక పద్ధతుంది. మనిషికి కుదరకపోతే ఆ రోజు మూటను పక్కింట్లో పెడతాము. పయనం మొదలైనట్టే."

నేను, బావ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము.

"మరి పక్కింట్లో పెట్టక, మాకెందుకు?" అన్నాను నేను.

"నా పక్కిల్లు ఎల్లారెడ్డిలోనే కదా" అన్నాడు బాదర్.

దారి పొడుగునా బావ ఆ మూటనూ మా ఇద్దరి మధ్యే పెట్టుకొని వచ్చాడు.

సాయవ్వకు ఎవరూ ఏమీ వివరించాల్సిన పని పడలేదు. మూటకు బొట్టు పెట్టి ముందరింట్లో మేకుకు తగిలించింది. "మూట బయటికొచ్చినంక మనిషి ఆగుతడా! మల్ల లోపటికి ఎట్ల పోతడు?" అంది. రాజవ్వ వచ్చి చూసి, తనను ఎవరూ ఏమీ అనకముందే వెళ్లిపోయింది.

మొన్న మా అమ్మాయి పెండ్లి మాటల రోజు అక్కవాళ్లందరినీ పిలిచాను. అక్క వచ్చింది, పిల్లలొచ్చారు, సాయవ్వ కూడా ఆటోలో వచ్చింది. బావ రాలేదు. సొంత మేనత్త భర్త లేకుండా మాటలేమిటని కోపంగా ఫోన్ చేశాను.

"ఏమనుకోకు బామ్మర్దీ" అన్నాడు బావ. "అందరం వస్తే ఇంటికి తాళమెయ్యాలె. బాదర్ పయనం ఇంట్లున్నది."